అడగకుండా తుడిచేసిన డిస్క్

ఐటీ బూమ్ అనగానే ఇప్పటికీ అందరూ అద్దాల మేడల గురించే మాట్లాడతారు. మెడలో కార్డులు, కంపెనీ బస్సులు, ఫారిన్ ప్రయాణాలు. ఆ మేడల్లోనూ, వాటిని చూసి మోజుపడి కంప్యూటర్లు కొన్న చిన్నాచితకా ఆఫీసుల్లోనూ మెషిన్ మొరాయిస్తే ఎవరు వెళ్ళేవారో ఎవరూ చెప్పరు. మేం వెళ్ళేవాళ్ళం. భుజానికి ఒక బ్యాగు, అందులో స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే బ్రష్, సీడీలు పెట్టుకునే పౌచ్. ఆ బ్యాగు మోస్తూ నేను సికింద్రాబాద్ అంతా తిరిగాను.

మాది విజయనగరం వైపు. మా ఆయనకు రైల్వేలో ఉద్యోగం వచ్చాక మెట్టుగూడ క్వార్టర్స్‌లో దిగాం. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉంది కదా అని కార్ఖానాలో ఒక కంప్యూటర్ మెయింటెనెన్స్ కంపెనీలో చేరాను. రిటైరయ్యే దాకా ఈ రంగంలోనే ఉన్నాను. ఏ ఆఫీసుకు వెళ్ళినా తలుపు తీసినవాళ్ళు నా వెనక్కి చూసేవారు. “ఇంజనీర్ రాలేదా అమ్మా?” అనేవారు. “నేనేనండి” అంటే, సరే కానీ అన్నట్టు పక్కకు జరిగేవారు. దాని మీద రాయాలంటే ఇంకో పుస్తకం అవుతుంది. అది వదిలేస్తున్నాను.

ఈ పనిలో కొత్తగా చేరబోతున్నవాళ్ళు కొందరు “మీ అనుభవాలు రాయండి మేడమ్” అన్నారు. కోపం లేకుండా రాద్దామని కూర్చున్నాను. కుదరలేదు. ఒక్క డిస్క్ గురించి తలుచుకున్నా ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. అందుకని ఆ డిస్క్ గురించే రాస్తున్నాను.

కేబుల్ పెట్టగానే దూరే పురుగు

ఆ రోజుల్లో ఆపరేటింగ్ సిస్టమ్ సీడీలో వచ్చేది. సీడీ తయారైన నాటికి ఏముందో అదే ఉండేది అందులో. ఆ తర్వాత బయటపడిన లోపాలకు మందులు ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి. అది మామూలు పనే. కానీ ఎవరూ ఏదీ నొక్కకుండానే, ఏ మెయిలూ తెరవకుండానే, ఇంటర్నెట్ కేబుల్ గుండా మెషిన్‌లోకి దూరే పురుగులు బయలుదేరిన కాలం అది. మేం పాత సీడీతో సిస్టమ్ ఎక్కించి, మందు దింపడానికి కేబుల్ పెట్టేవాళ్ళం. మందు సగం దిగేలోపే పురుగు దిగేది. తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చి, మెషిన్ ఆరిపోబోతోందని చెబుతూ అంకెలు తగ్గించుకుంటూ పోయేది. ఆరిపోయేది. వెలిగేది. మళ్ళీ ఆరిపోయేది.

కార్ఖానా మెయిన్ రోడ్డు మీద ఒక ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. దాని యజమాని నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు ఒకరోజు.

“ఏందమ్మా, పొద్దుగాల బాగుచేసి పోయినవ్, మధ్యాహ్నానికి మళ్ళ గదే కథ. మీకు పని రాదా? లేకుంటే మళ్ళ మళ్ళ రావాలని మీరే పెడుతున్నరా గీ వైరస్‌ని?”

ఆయన అనుమానంలో తప్పు లేదు. నేను ఆయన స్థానంలో ఉంటే ఇంకా ఘాటుగా అడిగేదాన్ని. జబ్బు ఎక్కడుందో మాకు తెలుసు. మా సీడీయే పాతది. జ్వరమొచ్చినవాణ్ణి వానలో నిలబెట్టి మందు తాగించినట్టుంది మా వైద్యం.

ఆఫీసుకు వచ్చి మా సర్వీస్ మేనేజర్ రాజశేఖర్‌కు చెప్పాను. ఆయన నాకంటే వయసులో చిన్నవాడు, తెలివైనవాడు, మాటకారి. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే.

“మళ్ళీ వెళ్ళి ఫార్మాట్ కొట్టండి మేడమ్. సాయంత్రానికి కాల్ క్లోజ్ కావాలె, గంతే.”

కాల్ క్లోజ్. కంప్లైంటు తీరిందని కాగితం మీద మూసేసే ఈ రెండు మాటలు నేను చచ్చేదాకా మరచిపోను. మెషిన్ బాగుపడిందా, ఆ ఆఫీసులో పని మొదలైందా, ఎవరికీ అక్కర్లేదు. కాల్ క్లోజ్ అయిందా లేదా అన్నదే. మీరు చేరబోయే చోట కూడా ఇదే అడుగుతారు, పేరు మారిందేమో. క్లోజ్ అయిన కాల్ వేరు, తీరిన కష్టం వేరు. ఈ తేడా తెలియని మేనేజర్ కింద పనిచేయాల్సి వస్తే, తేడా తెలిసిన మనిషిగా మీరు మిగలండి. నేను చెప్పగలిగింది అంతే.

నేను చేసిన డిస్క్

దారి ఒకటే. మందులన్నీ ముందే కలిపిన కొత్త డిస్క్ తయారు చేసుకోవాలి. అప్పుడు సిస్టమ్ ఎక్కించిన క్షణానికే మెషిన్‌కు రక్షణ ఉంటుంది, కేబుల్ ధైర్యంగా పెట్టొచ్చు.

అసలు సీడీలో ఉన్నదంతా హార్డ్ డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. మందులన్నీ కట్టగట్టి విడుదల చేసే సర్వీస్ ప్యాక్ అని ఒకటి ఉంటుంది. మా ఆఫీసు లైను మీద దాన్ని దింపుకోవాలంటే దేవుడు దిగిరావాలి. కంప్యూటర్ షాపులుండే పార్క్‌లేన్‌లో కొన్న ఒక పత్రికతో పాటు ఉచితంగా ఇచ్చిన సీడీలో దొరికింది. దాన్ని ఒక కమాండ్‌తో ఆ ఫోల్డర్‌లో కలిపితే, పాత ఫైళ్ళు లేచిపోయి వాటి జాగాలో కొత్తవి కూర్చుంటాయి.

చాలామంది ఇక్కడిదాకా వచ్చి బోల్తా పడేవారు. ఆ ఫోల్డర్‌ని అలాగే ఖాళీ సీడీ మీద రాసేసేవారు. ఫైళ్ళన్నీ శుభ్రంగా కనిపిస్తాయి, కానీ మెషిన్ ఆ సీడీతో లేవదు. ఎందుకంటే మెషిన్‌ని లేపే ముక్క అసలు సీడీ మొదట్లో దాక్కుని ఉంటుంది. ఫైళ్ళ జాబితాలో కనపడదు. దాన్ని వేరే ప్రోగ్రామ్‌తో బయటికి తీసి, కొత్త సీడీ రాసేటప్పుడు ఇదిగో ఇది బూట్ ముక్క అని చూపించాలి. సీడీకి పెట్టే పేరు కూడా అక్షరం పొల్లుపోకుండా అసలు సీడీ పేరే అయి ఉండాలి. లేకపోతే సగం పనయ్యాక ఆగి, సీడీ లోపలే పెట్టుకుని, సీడీ పెట్టండి అని అడుగుతుంది.

అసలు సీడీలో రెండు మంచి గుణాలు ఉన్నాయి. మెషిన్ వెలగగానే, సీడీ నుంచి మొదలుపెట్టాలంటే ఏదో ఒక కీ నొక్కండి అని ఒక వరుస వస్తుంది. ఎవరూ నొక్కకపోతే మెషిన్ తన దారిన తాను హార్డ్ డిస్క్ నుంచి లేస్తుంది. నొక్కితే కాసేపయ్యాక ఇంకో ప్రశ్న. సిస్టమ్‌ని ఎక్కడ పెట్టమంటారు, అక్కడున్నది తుడిచేయమంటారా అని. ఈ రెండు ప్రశ్నలనూ నేను నా డిస్క్‌లో ముట్టుకోలేదు.

ట్రావెల్స్ ఆఫీసు మెషిన్‌కు ఆ డిస్క్‌తో సిస్టమ్ ఎక్కించాను. కేబుల్ పెట్టి ఇద్దరం తెర వంక చూస్తూ కూర్చున్నాం. ఏమీ కాలేదు. ఆయన చాయ్ తెప్పించాడు. వారం పోయాక ఫోన్ చేసి, “మేడమ్, మీ పురుగు మళ్ళ రాలేదు, పరేషాన్ గిట్ల ఏం లేదు ఇప్పుడు” అని నవ్వాడు. మంచి పని చేసిన రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే చెడ్డ పని అంటే అంత కోపం.

ఆయన చేసిన డిస్క్

రాజశేఖర్ నా డిస్క్ ఒక కాపీ అడిగి తీసుకున్నాడు. అప్పట్లో మాకు ఒక కాల్ సెంటర్ కాంట్రాక్టు దొరికింది. హాలు నిండా కొత్త మెషిన్లు, అన్నీ ఖాళీవి, అన్నిటికీ సిస్టమ్ ఎక్కించాలి. ఒక్కో మెషిన్ దగ్గర కూర్చుని ప్రశ్నలకు జవాబులు కొట్టడం ఆయనకు నచ్చలేదు. ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే రాసిపెట్టే ఒక ఫైలు ఉంటుంది. దాన్ని డిస్క్‌లో చేర్చాడు. తుడిచేయమంటారా అన్న ప్రశ్నకు జవాబు, తుడిచేయి. ఏదో ఒక కీ నొక్కండి అనే వరుస ఒక చిన్న ఫైలు వల్ల వస్తుంది. దాన్ని తీసేశాడు. ఇక ఆ డిస్క్ లోపల ఉండగా మెషిన్ వెలిగితే చాలు. ఎవరినీ ఏమీ అడగదు. తుడిచేస్తుంది, కొత్త సిస్టమ్ ఎక్కించేస్తుంది.

ఖాళీ మెషిన్లకు అది చక్కటి డిస్క్. ఆ మాట నేనే అన్నాను. కానీ ఆయన దాని కాపీలు తీయించి ఇంజనీర్లందరి బ్యాగుల్లో పెట్టించాడు. పైగా అందరికీ అవసరమని ప్రింటర్ల ఫైళ్ళూ, సౌండ్ కార్డుల ఫైళ్ళూ అందులోనే వేశాడు. ఆఫీసులో దానికి ఆటో డిస్క్ అని పేరు పడిపోయింది.

ఆ రోజే ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

“రాజశేఖర్ గారూ, ఇది కాల్ సెంటర్ హాలు దాటి బయటికి రాకూడదండి. కస్టమర్ మెషిన్‌లో ఎవరైనా మరచిపోయి వదిలేస్తే?”

“ఏందండీ మేడమ్, ఇంజనీర్లు చిన్నపిల్లలా మరచిపోనీకి?”

“మరచిపోతారండి. రోజుకి అన్ని చోట్లకి పంపుతున్నారు వాళ్ళని. కనీసం ఆ కీ నొక్కమనే వరుస ఉంచండి. ఒక్క ఫైలే కదా.”

“ప్రతిదానికీ అడుగుకుంట కూసుంటే పని ఎప్పుడు అయితది? జెర స్పీడ్ కావాలె మనకు. మీరు మరీ భయపడతరు మేడమ్.”

భయపడతారు అన్న మాట విన్నారా? జాగ్రత్త అంటే ఆడవాళ్ళ పిరికితనమని ఆయన లెక్క. ఇదే మాట ఒక మగవాడు అంటే అనుభవం అనేవాడు. నోరు మూసుకోలేదు నేను. ఇంకో రెండుసార్లు చెప్పాను. మళ్ళీ చెప్పబోతే, కస్టమర్లు ఎదురుచూస్తున్నారు వెళ్ళండి అన్నాడు.

అల్వాల్‌లో గొంతుల గది

అల్వాల్‌లో చెవులు వినపడని పిల్లలకు మాటలు నేర్పే ఒక చిన్న కేంద్రం ఉండేది. పేరు రాయను. కమిటీ ఒకటి దాన్ని నడిపేది. అక్కడ పిల్లలకు మాట నేర్పేది స్వరూప టీచర్. పిల్లవాడి చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని, అద్దం ముందు కూర్చోబెట్టి, పెదాల ముందు కొవ్వొత్తి పెట్టి, ప అంటే మంట కదలాలి, బ అంటే గొంతు అదరాలి అని చూపిస్తూ ఒక్కో అక్షరం పలికించేది. ప్రతి పిల్లవాడి గొంతూ చేరిన రోజు నుంచి మైకులో రికార్డు చేసి, వాడి పేరు మీద కంప్యూటర్‌లో దాచేది. నెలకోసారి పాతదీ కొత్తదీ పక్కపక్కన విని, ఎక్కడ ఆగిపోయాడో చూసి, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టేది. ఆ గదిని పిల్లల తల్లిదండ్రులు గొంతుల గది అనేవారు. ఏళ్ళ గొంతులు అవి.

నేను వెళ్ళినప్పుడల్లా ఆమె ఒకటే అడిగేది. “మేడమ్, గివన్నీ సీడీల మీద ఎక్కించి ఇయ్యరా? నాకు భయమైతది.” నేను రాజశేఖర్‌ని అడిగాను. కాంట్రాక్టులో లేదు అన్నాడు. కమిటీని అడిగితే, కంప్యూటర్‌లో ఉన్నాయి కదా, ఇంకెందుకు అన్నారు. సీడీ రాసే డ్రైవు ఆ కేంద్రంలో లేదు.

ఒకరోజు మా ఇంజనీరు ఒకతను ఆ కేంద్రం ఆఫీసు గదిలో కొత్త ప్రింటర్ పెట్టడానికి వెళ్ళాడు. గొంతుల గది మెషిన్ నుంచి కూడా ప్రింట్ రావాలన్నారు. ప్రింటర్ ఫైళ్ళ కోసం ఆటో డిస్క్‌ని ఆ మెషిన్‌లో పెట్టాడు. పని అయింది. ఇంకో కాల్ వచ్చింది. డిస్క్ లోపలే వదిలేసి, మెషిన్ కూడా ఆపకుండా పరుగెత్తాడు. అతన్ని నేను తిట్టను. ఆ డిస్క్ ఏం చేస్తుందో అతనికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

మర్నాడు పొద్దున అల్వాల్‌లో కరెంటు పోయింది. వచ్చాక స్వరూప టీచర్ మెషిన్ స్విచ్ వేసింది. పిల్లలు చుట్టూ ఉన్నారు.

నేను వెళ్ళేసరికి ఆమె ఆ గది గడప మీద కూర్చుని ఉంది. ప్లగ్గు ఇంకా చేతిలోనే ఉంది.

“నేనేం ముట్టలే మేడమ్. ఒట్టు. స్విచ్ ఏసిన, ఎప్పటిలెక్కనే కూసున్న. నీలం తెర వచ్చింది. పసుపు గీత ఒకటి పెరుగుకుంట పోయింది. ఫార్మాట్ అని కనబడ్డది. తర్వాత ఏవో ఫైళ్ళు కాపీ అయితున్నయని వచ్చింది. గవి మా పిల్లల మీదనే ఎక్కుతున్నయని అనిపించింది. ప్లగ్గు గుంజి పారేసిన. తప్పు చేసిన్నా?”

“లేదు టీచర్. ఆ మెషిన్ మీద చెయ్యి వేసినవాళ్ళందరిలో సరైన పని చేసింది మీరొక్కరే.”

నిజంగానే అంతే. తుడిచేయడం అంటే మొదట విషయసూచిక చింపేయడం. పేజీలు లోపలే ఉంటాయి, వాటి మీద కొత్తది రాసేదాకా. ఆమె ఇంకాసేపు చూస్తూ కూర్చుని ఉంటే కొత్త సిస్టమ్ ఆ పేజీల మీద పరుచుకునేది. నేను డ్రైవు తెరిచి ఆటో డిస్క్ బయటికి తీశాను. అది చూడగానే విషయం మొత్తం నాకు అర్థమైంది. హార్డ్ డిస్క్ విప్పి, ఇంకెవరూ వెలిగించకుండా గుడ్డలో చుట్టి తీసుకొచ్చాను.

అబద్ధం లేని వాక్యం

రెండు రోజుల తర్వాత కమిటీ ఆమెకు మెమో ఇచ్చింది. పని జరుగుతుండగా నిర్లక్ష్యంగా ప్లగ్గు పీకి విలువైన రికార్డులు పోగొట్టినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తీసేయకూడదో చెప్పమని. ఈ సంగతి వాళ్ళ చెవిన వేసింది ఎవరో కాదు, మా కంపెనీయే. రాజశేఖర్ సర్వీస్ రిపోర్టు సిద్ధం చేసి పెట్టాడు. వాడకందారు పవర్ తీసేసిన తర్వాత డేటా కనిపించలేదు అని ఒకే వాక్యం. మెషిన్ చూసింది నేను కాబట్టి నా సంతకం కావాలి.

“ఏందిది?” అన్నాను.

“సంతకం పెట్టండి మేడమ్, గంతే. ఆమె ప్లగ్గు పీకిందా లేదా? పీకింది. దీంట్ల అబద్ధం ఏమున్నది?”

నిజమే. ఆ వాక్యంలో ఒక్క అబద్ధం కూడా లేదు. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అత్యంత నీచమైన వాక్యం అదే. అబద్ధమైతే ఎవరైనా పట్టుకుంటారు. నిజాన్ని కోసి, కావలసిన ముక్క మాత్రం వడ్డిస్తే ఎవరు పట్టుకుంటారు? మీరు రిపోర్టులు రాసే ఉద్యోగంలో చేరుతున్నారు. ఈ రకం వాక్యాలు మీ చేత రాయిస్తారు. గుర్తుపట్టడం నేర్చుకోండి.

“ఆటో డిస్క్ లోపల ఉందని రాయండి, పెడతాను.”

“అట్ల రాస్తే కాంట్రాక్టు పోతది. కంపెనీ మీద కేసు సుత పడొచ్చు. మీరు ఎవరి జీతం తింటున్నరు మేడమ్?”

“మీ డిస్క్ వల్ల ఒకావిడ జీతం పోబోతోంది. దాని సంగతి ముందు చెప్పండి.”

“ఆమె టీచరమ్మ. ఇంకో దగ్గర దొరుకుతది.”

ఆ కాగితం ఆయన టేబుల్ మీదే వదిలేసి బయటికి వచ్చాను. ఏడుపు వచ్చింది. అది దిగులు ఏడుపు కాదు.

ఎవరూ చెయ్యి వేయకండి

కమిటీ సమావేశం కేంద్రంలోనే పెట్టారు. కార్యదర్శి నర్సింగరావు గారు, ఇంకొందరు సభ్యులు, ఒక మూల స్వరూప టీచర్, కంపెనీ తరఫున రాజశేఖర్. నన్ను పిలవలేదు. ఆఫీసులో మూలపడి ఉన్న ఒక మెషిన్‌ని బాగుచేసి, అందులో కొన్ని పాటలూ ఫోటోలూ వేసి, ఆటో ఎక్కించుకుని నేనే వెళ్ళాను.

నన్ను చూసి రాజశేఖర్ ముఖం మాడిపోయింది. “మేడమ్, మీరు ఎందుకొచ్చిండ్రు? ఆఫీసుకు పోండి” అన్నాడు లోగొంతుకతో.

నేను నర్సింగరావు గారి వైపు తిరిగాను. “ఆ మెషిన్ విప్పింది నేనండి. ఏం జరిగిందో మాటల్లో చెప్పను. చూపిస్తాను. కాస్త టైము ఇవ్వండి.”

ఆయన పెద్దమనిషి. అల్వాల్‌లో పాత కుటుంబం. ప్రింటర్ కాగితాలు తప్ప కంప్యూటర్ గురించి ఆయనకేమీ తెలియదు. “కూసో బిడ్డా, చూపెట్టు” అన్నారు.

మెషిన్ వెలిగించి పాట ఒకటి వినిపించాను. ఫోటోలు చూపించాను. తర్వాత గొంతుల గదిలో దొరికిన ఆ డిస్క్‌నే అందరికీ చూపించి, లోపల పెట్టి, స్విచ్ ఆపేశాను. “ఇది కరెంటు పోవడం” అన్నాను. మళ్ళీ స్విచ్ వేశాను. “ఇది కరెంటు రావడం. ఇప్పుడు దయచేసి ఎవరూ చెయ్యి వేయకండి. నేనూ వేయను.”

అందరం కుర్చీల్లో కూర్చుని చూశాం. నీలం తెర వచ్చింది. పసుపు గీత పెరుగుతూ పోయింది. ఒక్క ప్రశ్న రాలేదు. నర్సింగరావు గారు ముందుకు వంగి, “ఆపండి దాన్ని, ఆపండి!” అన్నారు.

“ఎలా ఆపమంటారండి?”

“ప్లగ్గు పీకు బిడ్డా, చూస్తున్నవేంది!”

అన్నాక ఆయనకు తాను ఏమన్నారో తెలిసింది. స్వరూప టీచర్ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ప్లగ్గు పీకలేదు. చివరిదాకా నడవనిచ్చాను. మెషిన్ కొత్తగా లేచింది. పాట లేదు, ఫోటోలు లేవు, ఖాళీ తెర.

“టీచర్ గారు ప్లగ్గు పీకబట్టే కొన్ని గొంతులైనా బతికే అవకాశం ఉంది. ఆవిడ ఊరుకుని ఉంటే ఇదిగో, ఇలా ఉండేది” అన్నాను.

“గీ డిస్క్ ఎవరు చేసిండ్రు?” అని అడిగారు నర్సింగరావు గారు.

నేను రాజశేఖర్ వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశాడు. “మా ఆఫీసులో తయారైంది సార్, ఇది ఇండస్ట్రీలో కామనే” అన్నాడు. చేశాను అనలేదు. తయారైంది అన్నాడు. వర్షం పడింది అన్నట్టు.

మెమో వెనక్కి తీసుకున్నారు. ఆమెకు క్షమాపణ చెప్పారా? లేదు. మెమో ఇచ్చినప్పుడు కాగితం మీద ఇచ్చారు. తీసుకున్నప్పుడు నోటిమాటతో సరిపెట్టారు. రాజశేఖర్‌కు ఏమీ కాలేదు. నన్ను ఫీల్డు నుంచి తీసేసి స్టోర్సులో, పాత కీబోర్డులూ మౌసులూ ఏరే పనిలో వేశారు. అక్కడికి వెళ్ళేముందు ఒక పని చేశాను. ఇంజనీర్లు పొద్దున్నే ఆఫీసులో కలుస్తారు కదా, బ్యాగులన్నీ తెరిపించి ఆటో డిస్కులు తీసుకుని, అక్కడే విరిచి చెత్తబుట్టలో వేశాను. నా డిస్క్ కాపీలు వాళ్ళ పౌచుల్లో పెట్టాను. రాజశేఖర్ అద్దాల గదిలోంచి చూశాడు. బయటికి రాలేదు.

పేర్లు లేని ఫైళ్ళు

హార్డ్ డిస్క్‌ని కమిటీ అనుమతితో మా ఇంటికి తెచ్చుకున్నాను. పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రామ్ ఒకటి సంపాదించి, ఆదివారాలు దాని ముందు కూర్చున్నాను. ఆ ప్రోగ్రామ్ డిస్క్‌ని మొదటి నుంచి చివరిదాకా తడుముకుంటూ పోయి, శబ్దం ఫైలులా కనిపించినదాన్నల్లా పక్కన పెడుతుంది. విషయసూచిక పోయింది కనుక పేర్లు రావు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు మాత్రమే. తెరిస్తే ఏదో ఒక పిల్లవాడి గొంతు. అందరూ అ, ఆ, ప, బ అంటున్నారు. నాకు అన్నీ ఒకేలా వినిపించాయి.

స్వరూప టీచర్ అల్వాల్ నుంచి బస్సులో వచ్చేది. మా ముందుగదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకునేది. నేను ఫైలు మొదలుపెట్టేదాన్ని.

“ఇది ఇర్ఫాన్. ప అనమంటే బ అంటుండె. ఎంత మొత్తుకున్నా బ నే.”

ఇంకొకటి.

“శ్రావణి. మాట మొదలువెట్టేముందు ముక్కుల నుంచి ఊ అని తీస్తది, విన్నరా? గది పోగొట్టనీకే ఏడాది పట్టింది.”

ఆమె చెబుతుంటే నేను పేర్లు కొట్టేదాన్ని. కొన్ని ఫైళ్ళు మధ్యలో తెగిపోయి ఉండేవి. గొంతు నడుస్తూ నడుస్తూ గరగరమని చప్పుడైపోయేది. కొన్నిటిలో పిల్లవాడి గొంతు పోయి ఆమె గొంతే మిగిలింది. మళ్ళ ఒక్కసారి నాన్నా, మళ్ళ ఒక్కసారి అని. అవి వినపడినప్పుడు ఆమె హెడ్‌ఫోన్స్ తీసేసి కాసేపు కిటికీ వైపు చూసేది.

“నా గొంతు ఇంత అలిసిపోయి ఉంటదని నాకు తెల్వదు మేడమ్” అంది ఒకసారి.

మా ఆయన టీ పెట్టి తెచ్చి, ఏమీ అడగకుండా అక్కడ పెట్టి వెళ్ళేవాడు. చివరికి సగం కంటే తక్కువే దొరికాయి. దొరికినవన్నీ సీడీల మీద రాసి రెండేసి కాపీలు ఇచ్చాను. సీడీలు రాస్తుంటే ఆమె పక్కనే నిలబడి చూసింది. ఇంత చిన్న పనా ఇది అని అడుగుతుందేమో అని భయపడ్డాను. అడగలేదు.

రేణుక వాళ్ళమ్మ

దొరకనివాళ్ళలో రేణుక అనే పాప ఉంది. ఆ పిల్ల అమ్మా అని మొదటిసారి స్పష్టంగా పలికింది ఆ గదిలోనే, మైకు ముందు. తల్లి కార్ఖానాలో ఒక టైలరింగ్ షాపులో కుట్టుపని చేసేది. ఆ రోజు ఆమె లేదు. కంప్యూటర్ల ఉన్నది, వచ్చినప్పుడు వినిపిస్త అని టీచర్ కబురు పంపింది. పండగ ఆర్డర్లు ఉన్నాయని, సెలవు దొరకలేదని, ఈవారం వస్తా, వచ్చేవారం వస్తా అని ఆమె వాయిదా వేసుకుంటూ పోయింది. ఈలోగా ఆటో డిస్క్ వచ్చింది.

సీడీలు ఇచ్చే రోజు తల్లిదండ్రులను కేంద్రానికి పిలిచారు. నేనూ వెళ్ళాను. రేణుక వాళ్ళమ్మ వరుసలో చివర నిలబడింది. బ్లౌజు మీద దారపు ముక్కలు అంటుకుని ఉన్నాయి. షాపు నుంచి నేరుగా వచ్చినట్టుంది. స్వరూప టీచర్ ఆమె చేతులు పట్టుకుని, రేణుకది దొరకలేదని చెప్పింది. నన్ను చూపించి, ఈ మేడమ్ చాలా వెతికిందని చెప్పింది.

నేను తిట్టు కోసం ఎదురుచూశాను. నిజంగా ఎదురుచూశాను. ఆ కంపెనీ బ్యాడ్జి నా చీర మీద ఉంది.

ఆమె నా దగ్గరికి వచ్చి, “మీకు మస్తు తక్లీఫ్ ఇచ్చినం గద మేడమ్” అంది. “ఏం కాదు తియ్యండి. గిప్పుడైతే రోజు పిలుస్తనే ఉన్నది. గదే సాలు నాకు.” చేతిలో ఉన్న కవరులోంచి జామకాయలు తీసి నాకు రెండు, టీచర్‌కు రెండు ఇచ్చింది. షాపులో అడిగి వచ్చానని, ఆలస్యమైతే ఊరుకోరని చెప్పి గబగబా వెళ్ళిపోయింది.

ఆ జామకాయలు నేను తినలేకపోయాను.

ఆమెకు కోపం రాలేదు. వచ్చి ఉండాల్సింది. కార్ఖానాలో ఆమె షాపుకీ మా ఆఫీసుకీ మధ్య రెండు వీధులు కూడా లేవు. మా మెట్లెక్కి, ఆ అద్దాల గది తలుపు తోసుకుని వెళ్ళి, నా బిడ్డ గొంతు ఏదిరా అని అరిచి ఉండాల్సింది. కేసు వేస్తారేమో అని రాజశేఖర్ భయపడింది పెద్ద కస్టమర్ల గురించి. ఇలాంటి మనిషి అతని లెక్కలోనే లేదు. మా వల్ల పోగొట్టుకుని, మాకే తక్లీఫ్ ఇచ్చానని బాధపడి, మాకే పళ్ళు పెట్టి వెళ్ళింది.

ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. డిస్కులు ఎవరైనా చేస్తారు, ఇప్పుడైతే ఇంకా తేలిక. గట్టిగా అరిచే కస్టమర్ మెషిన్‌ని అందరూ జాగ్రత్తగానే ముట్టుకుంటారు. మీ చేతికి ఎక్కువగా వచ్చేవి అరవడం తెలియనివాళ్ళ మెషిన్లు.